ఫైర్ స్టేషన్ దూరంగా ఉన్న ఊళ్లో మంటలార్పే ఏర్పాట్లు ఎలా పెంచుకోవాలి?

101కి ఫోన్ చేసినా ఫైరింజన్ వచ్చేసరికి గడ్డివాము, పూరిల్లు బూడిదవుతాయి. కాబట్టి ముందు ఊళ్లో ఉన్నదాన్నే సిద్ధం చేసుకోవాలి.

తెలంగాణలో పల్లె ప్రగతి కింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్యాంకరు ఇచ్చారు. చెట్లకు నీళ్లు పోసే ఆ ట్యాంకరే మీ మొదటి ఫైరింజన్. కాకపోతే దాని నుంచి నీళ్లు ధారగా కారతాయే తప్ప మంట మీదికి ఎగజిమ్మవు. పొలాల్లో వాడే పెట్రోలు పంపు, పొడవాటి పైపు, చివర నాజిల్ బిగిస్తే ఆ లోటు తీరుతుంది. మార్చి నుంచి వానలు పడేదాకా ట్యాంకరు రాత్రిళ్లు నింపే ఉంచాలి. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఊరందరికీ తెలియాలి.

ఓవర్‌హెడ్ ట్యాంకు కింద పెద్ద వాల్వు పెట్టించండి. ఫైరింజన్ గొట్టాలకు మామూలుగా 63 మి.మీ. కప్లింగ్ (గొట్టాలను కలిపే బిగింపు) ఉంటుంది. అదే సైజు పెడితే వచ్చిన బండి అక్కడే మళ్లీ నింపుకోవచ్చు. కొనేముందు దగ్గరి స్టేషన్‌లో అడగండి, యువకులకు శిక్షణ కూడా అక్కడే అడగవచ్చు.

లైన్‌మన్ నంబరు తప్పనిసరి. కరెంటు ఆపకుండా నీళ్లు కొడితే ప్రాణాలకే ముప్పు.