టెక్ సందేహాలు: గచ్చు మీద నడిచే రోబో వాలు మీద ఎందుకు పడుతోంది?

ప్రశ్న: సార్, ప్రాజెక్టు కోసం 12 ఎంజీ996ఆర్ సర్వో మోటార్లతో (చెప్పిన కోణానికి తిరిగి ఆగేవి) నాలుగు కాళ్ల రోబో చేశాం. బరువు కిలోన్నర. తొడ, పిక్క చెరో 8 సెం.మీ. నడుము 14 సెం.మీ. ఎత్తులో ఉంటుంది, అడుగు 8 సెం.మీ. గచ్చు మీద బాగానే నడుస్తోంది. పలకను 15 డిగ్రీల వాలులో పెట్టి ఎక్కిస్తే మాత్రం వెనక కాలి మోకాలు కర్రలా బిగుసుకుని వెనక్కి పడిపోతోంది. రివ్యూ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. పెద్ద మోటార్లు కొనాలా?
– ఇంజినీరింగ్ విద్యార్థులు, తిరుపతి

జవాబు: కొనొద్దు. తప్పు మోటార్లది కాదు, నడుము ఎత్తుది.

ఒక కాలు ఎత్తితే మిగిలిన మూడు పాదాలు నేల మీద త్రిభుజం అవుతాయి. గరిమనాభి (బరువంతా ఒక్కచోట ఉన్నట్టు లెక్కించే బిందువు) నుంచి కిందికి గీసిన గీత అందులో పడాలి. అందుకే కాలు ఎత్తేముందు ఒళ్లు పక్కకు జరగాలి. పాదాలు కదలకుండా ఒళ్లు జరిగితే ఆ మేరకు కాళ్లు సాగాలి. ఇక్కడే మీకు చిక్కొచ్చింది.

16 సెం.మీ. కాలు 14 ఎత్తు నుంచి పక్కకు అందుకోగలిగేది దాదాపు 7.7 సెం.మీ. మాత్రమే. ఒళ్లు జరగడానికి 3 తీసేస్తే 4.7 మిగులుతుంది. మీ అడుగుకు ముందుకు 4, వెనక్కి 4 కావాలి కాబట్టి గచ్చు మీద సరిపోయింది. వాలు మీద గరిమనాభి గీత ఇంకో 3.75 సెం.మీ. వెనక్కి పోతుంది. దాన్ని సరిచేయడానికి ఒళ్లు అంత ముందుకు జరిగితే మిగిలేది ఒక్క సెంటీమీటరే. కాలు అందక మోకాలు నిటారుగా బిగుసుకుంటోంది.

నడుమును 11 సెం.మీ.కి దించండి. అందుబాటు 11.6కి పెరుగుతుంది. వాలు వల్ల పోయేది 3కి తగ్గుతుంది. అన్నీ పోను 5.6 మిగులుతుంది. మోకాలు ఎక్కువగా వంగుతుంది కాబట్టి మోటార్ మీద భారం పెరిగే మాట నిజమే. అయినా రోబో బరువులో సగం ఒక్క కాలి మీదే పడిందనుకున్నా మోకాలి దగ్గర కావాల్సిన తిప్పే బలం (టార్క్) 4.4 కిలో-సెంటీమీటర్లే. మీ మోటార్ 4.8 వోల్టుల దగ్గర 9.4 దాకా లాగుతుంది.

కాళ్లు ఎత్తే వరుస కూడా చూసుకోండి: ఎడమ వెనక, ఎడమ ముందు, కుడి వెనక, కుడి ముందు. నెమ్మది నడకకు ఇదే అత్యంత స్థిరమైన వరుస అని మెక్‌గీ, ఫ్రాంక్ 1968లోనే లెక్కకట్టి చూపారు. గరిమనాభి ఉన్నచోట పొట్ట కింద దారంతో ఒక నట్టు వేలాడదీసి, ఒక్కో కాలు ఎత్తించి చూడండి. నట్టు త్రిభుజం అంచుకు వస్తోందంటే బ్యాటరీని కొంచెం ముందుకు జరపండి. కోడ్ జోలికి వెళ్లేముందు ఈ పని తప్పకుండా చేయాలి.

ప్రశ్న: వీడియోల్లో రోబో కుక్కలు రెండు కాళ్ల మీదే పరుగెడుతున్నాయి కదా, వాటికి త్రిభుజం అక్కర్లేదా?
– ఓ పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అక్కర్లేదమ్మా. అవి ప్రతి క్షణం కొద్దిగా పడుతూ, పూర్తిగా పడేలోపే తర్వాతి పాదాన్ని సరైన చోట వేస్తాయి. అందుకు ఒంటి వంపును సెకనుకు వందలసార్లు కొలిచే సెన్సర్, వెంటనే స్పందించే మోటార్లు ఉండాలి. మామూలు హాబీ సర్వో తాను ఏ కోణంలో ఉందో తిరిగి చెప్పదు. దానితో మొదలుపెట్టేవాళ్లు ముందు మూడు పాదాల నడకే నేర్పించాలి.