రెండుగా కనిపిస్తే కళ్లద్దాలతో సరిపెట్టకండి

ప్రశ్న: డాక్టరు గారూ, మా అమ్మాయికి 22 ఏళ్లు. నాలుగో ఏట వేళ్ల ఎముకల్లో గడ్డలు కనిపించాయి. ఎడమ కాలు 3 సెంటీమీటర్లు పొట్టి. ఎముకల లోపల మృదులాస్థి (కార్టిలేజ్) గడ్డలు పెరిగే ఓలియర్ వ్యాధి అన్నారు. రెండు నెలలుగా దూరాన ఉన్నవి పక్కపక్కనే రెండుగా కనిపిస్తున్నాయంటోంది. కళ్లద్దాలు మార్చినా తగ్గలేదు. ఈ జబ్బున్నవారికి పుర్రెలో క్యాన్సర్ రావచ్చని చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. చేతి జబ్బు తలకెలా పాకుతుంది? రేపు ఆమె పిల్లలకూ వస్తుందా?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు చేయవలసిన పని. ఈ వారంలోనే అమ్మాయిని న్యూరోసర్జన్‌కు చూపించండి. పుర్రె అడుగుభాగం స్పష్టంగా కనిపించేలా, కాంట్రాస్ట్ మందు ఇచ్చి ఎంఆర్ఐ తీయాలి. ఓలియర్ వ్యాధి ఉందని మొదటి మాటగా చెప్పండి. కంటి డాక్టరుకు వేళ్ల గడ్డల సంగతి తెలిసి ఉండకపోవచ్చు. కంటికీ వేలికీ సంబంధం ఉంటుందని ఎవరికి తోస్తుంది?

ఆమెను ఒక కన్ను మూసి చూడమనండి, తరువాత రెండోది. ఏ కన్ను మూసినా బొమ్మ ఒకటే అయితే, తేడా అద్దాల్లో లేదు, కళ్లు కలిసి కదలడంలో ఉంది.

చేతి నుంచి తలకు ఏదీ పాకలేదు. పుర్రె పైకప్పు పల్చటి పొర నుంచి నేరుగా ఎముకగా మారుతుంది. అడుగుభాగం మాత్రం కాళ్లూ చేతుల ఎముకల్లాగే మొదట మృదులాస్థిగా ఉండి, తరువాత గట్టిపడుతుంది. చెవి లోపలి భాగాన్ని దాచుకున్న ఎముక, తల వెనుక ఎముకతో కలిసే అతుకు దగ్గర ఆ మృదులాస్థి కొంత మిగిలిపోతుంది. కాండ్రోసార్కోమా అనే క్యాన్సర్ అక్కడ పుట్టవచ్చు. కంటిని బయటి వైపు తిప్పే ఆరో కపాల నరం సరిగ్గా ఆ పక్క నుంచే వెళుతుంది. అది నలిగితే దూరపు చూపులో బొమ్మ రెండవుతుంది.

ఓలియర్‌లోనూ, రక్తనాళాల గడ్డలు కూడా ఉండే మఫూచి సిండ్రోమ్‌లోనూ ఎక్కడో ఒకచోట కాండ్రోసార్కోమా వచ్చేవారు ఒక పెద్ద పరిశీలనలో సుమారు 40 శాతం. అందులో ఎక్కువ భాగం పొడవాటి ఎముకల్లో, కటిలో. పుర్రెలో వచ్చేది తక్కువే, కానీ ఈ జబ్బులున్నవారికి అది చిన్న వయసులోనే వస్తుంది. నేను ఎముకల వైద్యుణ్ణి. చాలా ఏళ్లు నేనూ కాళ్లూ చేతులే చూసి పంపాను. తలనొప్పిని ఏడాదిపాటు భరించి వచ్చిన ఒక కుర్రవాణ్ణి చూశాక, వచ్చిన ప్రతిసారీ చూపు, వినికిడి, మింగడం, గొంతు బొంగురు గురించి అడుగుతున్నాను.

కణితి ఉన్నా ధైర్యం వదలకండి. ఇక్కడివి చాలావరకు నెమ్మదిగా పెరిగేవే. ముక్కు ద్వారా ఎండోస్కోపుతో తీస్తారు, మిగిలినదానికి ప్రోటాన్ కిరణాలు ఇస్తారు. మామూలు కీమోథెరపీ దీనిపై అంతగా పనిచేయదు. కార్డోమా అనే మరో కణితి స్కానులో ఇలాగే ఉంటుంది కనుక, ముక్క పరీక్ష (బయాప్సీ) తప్పనిసరి.

పిల్లల గురించి బెంగ వద్దు. ఎక్కువమందిలో ఈ జబ్బుకు మూలం ఐడీహెచ్1 లేదా ఐడీహెచ్2 జన్యువులో మార్పు అని 2011లో తేలింది. అది గర్భంలో పిండం పెరిగేటప్పుడు ఒక కణంలో జరుగుతుంది, తల్లిదండ్రుల నుంచి రాదు. పైకి పొడుచుకొచ్చే ఎముక బుడిపెల జబ్బు వేరు. వంశంలో నడిచేది అది. చాలామంది ఈ రెంటినీ కలగలుపుతారు.

ఎంఆర్ఐలో ఏమీ కనిపించకపోయినా ఫిల్ములు, సీడీ భద్రంగా దాచండి. తరువాతి స్కానును దానితో పోల్చి చూడవలసి ఉంటుంది.