మూడో రోజు ఎటు పోయింది?

తమ్ముడూ,

నీ కథ అందింది. వాక్యం బాగుంది. ఆ మాట ఇప్పటికే నలుగురు చెప్పి ఉంటారు గనక వదిలేస్తున్నాను. నాకు ఒళ్లు మండింది ఆరో పేజీ దగ్గర. సాయిలు దొంగతనం కేసులో రిమాండుకు పోయాడు. లోపల కల్లు దొరకదు. వారం తిరిగేసరికి ముఖం తేటపడి, అమ్మ గుర్తొచ్చి, కుమిలి కుమిలి ఏడుస్తాడు. ఆ కుమిలిపోవడం వల్లే తర్వాత మతి తప్పుతుంది. ఆ వారంలో మూడో రోజు ఎటు పోయిందయ్యా?

ఏళ్ల తరబడి పొద్దున్నే కల్లు పడందే చెయ్యి నిలవనివాడికి అది ఒక్కసారిగా బందైతే ఏమవుతుందో నువ్వు చూడలేదు. మన దగ్గర చాలాచోట్ల అమ్మేది ఉత్త చెట్టు కల్లు కాదు. అందులో ఆల్ప్రాజోలమో, డైజిపామో, క్లోరల్ హైడ్రేటో, ఏదో ఒక మత్తు మందు కలుపుతారు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం ఎలా పోటెత్తారో పేపర్లలో చదివే ఉంటావు. ముందు వణుకు, చెమట. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. మూడో రోజుకు లేనివి కనబడతాయి. పట్టించుకోకపోతే ప్రాణం పోవచ్చు. విడ్డూరం ఏమిటంటే, దాన్ని ఆపడానికి ఆసుపత్రిలో ఇచ్చేదీ ఆ డైజిపాం జాతి మందే. కాకపోతే లెక్క ప్రకారం, రోజురోజుకూ తగ్గిస్తూ ఇస్తారు.

కోర్టు వార్తలు రాసుకుని బతికే రోజుల్లో జిల్లా ఆసుపత్రిలో ఒకణ్ని చూశాను. ఎడమచేతి బేడీ మంచం కోడుకు ఉంది. కుడిచేత్తో దుప్పటి మీది చీమల్ని ఒక్కొక్కటే ఏరి, జారిపోకుండా గుప్పిట్లో మూస్తున్నాడు. దుప్పటి మీద ఒక్క చీమా లేదు. "అంతా నాటకం సార్, మొన్నటిదాకా మంచిగనే ఉండె" అన్నాడు ఎస్కార్టు కానిస్టేబుల్. మొన్నటిదాకా బాగున్న మాట నిజమే, మొన్నటిదాకా కల్లు దొరికింది మరి. దాన్ని కథ రాసి పంపితే ఒక వారపత్రిక సంపాదకుడు చీమల్ని ఉంచి, మందుల పేర్లూ గంటలూ కొట్టేసి, "అసలు ఎందుకు తాగాడో చెప్పండి" అని తిప్పి పంపాడు. ఈ 'ఎందుకు' జబ్బు మన కథకు ఇంకా వదల్లేదు. చిన్నప్పుడు నాన్న కొట్టాడనే ఫ్లాష్‌బ్యాక్ లేకపోతే పోటీల్లో బహుమతి రాదు.

తాగుడు మొదటి సగంలో, పిచ్చి రెండో సగంలో పెట్టి కథను పంచకు. ఇది నా మొండిపట్టు అనుకో. సాయిలుకు చెవిలో గొంతులు కల్లుకు ముందూ ఉన్నాయని నువ్వే రెండో పేజీలో రాసి మరిచిపోయావు. కల్లు వాటిని కాసేపు అణిచేది. జైల్లో కల్లు పోయింది, గొంతులు పోలేదు. బయట మింగుతున్న మాత్రలు కూడా గేటు దగ్గరే ఆగిపోయాయి. మత్తు మాన్పించేవాళ్లు ఇది మెదడు జబ్బంటారు, మెదడు డాక్టర్లు ముందు తాగుడు మానాలంటారు. మధ్యలో వీడు బ్యారక్ మూల కూర్చుని రాత్రంతా అరుస్తాడు, తోటివాళ్లు తంతారు.

చట్టమైనా విడదీయలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వ్యాధి నిర్వచనంలోనే మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే స్థితుల్ని చేర్చింది. అందులో 103వ సెక్షన్ చదువు. జైలు వైద్యాధికారి మూడు నెలలకోసారి మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు నివేదిక పంపాలట, మా జైల్లో మానసిక రోగులెవరూ లేరని ధ్రువీకరిస్తూ. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే, నీ సాయిలులాగా. ఇంతమందిని పెట్టుకుని లేరని సంతకం చేసే ఆ డాక్టరు నీ కథలో ఎందుకు లేడు? హితబోధ చేసే జైలర్‌ను తీసేసి ఆయన్ని పెట్టు.

ములాఖత్ పేరా మాత్రం ముట్టుకోకు. సాయిలు భార్య కొంగుముడిలోంచి సగం వాడిన మాత్రల స్ట్రిప్పు తీయడం, డాక్టరు చీటీ లేదని వార్డరు తిప్పివ్వడం, ఆమె దాన్ని మళ్లీ ముడేసుకుని బస్సు చార్జీ లెక్కపెట్టుకోవడం... అక్కడ కాగితాలు కింద పెట్టి కాసేపు వరండాలో తిరిగాను.

నవల చేయనా, ఏ పత్రికకు పంపను, ముందుమాట రాస్తారా అని అడిగావు. ముందు సాయిలు లోపలికి పోయిన తొలి మూడు రోజులూ గంటగంటకూ రాసుకురా. రాసేముందు ఏదైనా ప్రభుత్వాసుపత్రికి పోయి ఎస్కార్టు కానిస్టేబుళ్లకు టీ ఇప్పించు, రాత్రంతా మంచం పక్కన కూర్చునేది వాళ్లే. ఈసారి కాగితానికి ఒకవైపే రాయి, సిరా వెనక్కి దిగి అక్షరాలు కనబడి చావడం లేదు.