మీ కోయిలకు పంచాంగం ఎవరు చెప్పారు?

అనంతపురం,
చిత్త కార్తె.

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివానమ్మా. అమ్మమ్మ పాత్ర బాగుంది, ఆమె మాటతీరు ఇంకా బాగుంది. చిక్కంతా ఆ పెరటితోనే. ‘శరదృతువు రాగానే చెట్లు పసుపెక్కి ఆకులు గలగలా రాలుతున్నాయి’ అని రాశావు. ఏ చెట్టు? మన జిల్లాలో వేప ఆకు రాల్చేది మాఘ ఫాల్గుణాల్లో. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే ఈ నేలకు ఎక్కువ వాన దక్కేది సెప్టెంబరులోనే. ఆశ్వయుజంలో మన పెరడు ఎన్నడూ లేనంత పచ్చగా ఉంటుంది. నువ్వు రాసింది ఏదో చలిదేశపు తోట.

కోప్పడటం లేదు. నేనూ ఒకప్పుడు కార్తీక మాసపు కథలో కోయిల చేత పాడించాను. ఒక రైతు కార్డు ముక్క రాశాడు: ‘అయ్యా, మా ఊళ్లో కోయిల ఉగాదికి కూస్తుంది. మీ కోయిలకు పంచాంగం ఎవరు చెప్పారు?’ ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది.

ముందు తూనీగలను చూడు. ‘తూనీగలాడితే తూమెడు వర్షం’ అంటారు కదా. ఉత్తర, హస్త కార్తెల్లో వేరుశనగ చేల మీద, పెరటి మీద గుంపులుగా తిరిగే బంగారు రంగు తూనీగలు వాన గుంటల్లో గుడ్లు పెడతాయి. గుంట ఎండేలోగా పిల్లలు రెక్కలు తొడుక్కోవాలి, అంత తొందర వాటికి. తర్వాత ఒకరోజు చూస్తే ఆకాశం ఖాళీ. ఈ జాతి తూనీగలు అక్టోబరులో మాల్దీవుల్లో పెద్ద ఎత్తున దిగుతున్నాయని, భారతదేశం నుంచి గాలివాటున సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు పోతున్నాయని చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త 2009లో ప్రతిపాదించాడు. నీ కథలో అమ్మమ్మకు ఇదంతా తెలియనక్కరలేదు. ‘ఇవాళ తూనీగలు లేవే’ అని ఆమె అంటే చాలు.

ఇక గిజిగాడు. బావి మీదికి వంగిన తుమ్మకొమ్మకు శ్రావణంలో పచ్చగా వేలాడిన గూళ్లు ఇప్పుడు ఎండుగడ్డి రంగుకు తిరిగాయి. నిన్న గాలికి ఒకటి రాలితే చేతిలోకి తీసుకుని చూశాను. సగమే అల్లిన గూడు, టోపీలా ఉంది. లోపలి వైపు మట్టి ముద్దలు అంటించి ఉన్నాయి, గోటితో గీరినా రాలేదు. ఆడపిట్ట వచ్చి చూసి నచ్చక పోయి ఉంటుంది. అలాంటప్పుడు మగది దాన్ని అలాగే వదిలేసి మరొకటి మొదలుపెడుతుంది. అంత శ్రమపడిన మగపిట్ట తల మీది పసుపు కూడా గూళ్ల కాలం దాటాక వెలిసిపోతుంది. అప్పుడు ఆడ ఊరపిచ్చుక పక్కన కూర్చుంటే పోల్చుకోవడం కష్టం.

శరత్తు అనగానే కావ్యాలు హంసలను తెస్తాయి. నువ్వు తేవద్దు. మన ఊరి కుంటకు అవి ఎందుకు వస్తాయి? ఆ కావ్యాలే చెప్పిన ఖంజరీటం మాత్రం నిజంగానే వస్తుంది. అదే కాటుకపిట్ట. హిమాలయాల వైపు నుంచి చలికాలానికి దిగుతుంది. తెల్లని ముఖం, మెడ కింద నల్లని నెలవంక. గెంతదు, నడుస్తుంది. నడిచినంతసేపూ తోక పైకీ కిందికీ ఆడుతూనే ఉంటుంది. చెరువు గట్టున ఏడాది పొడవునా కనిపించే నల్లమెడ పిట్టతో దీన్ని కలిపేయకు.

పాలపిట్ట అంటావా, దసరా కథలో అది ఉంటుందని అందరికీ తెలుసు కాబట్టి నాకు వద్దనిపిస్తుంది. పెట్టి తీరాలంటే పంజరంలో పెట్టకు. కరెంటు తీగ మీద కూర్చోబెట్టు. వేరుశనగ పీకిన చేలో మిడతల కోసం అది కాపు కాసేది అక్కడే.

ఇంకొకటి. అమ్మమ్మ చిక్కుడు పాదు తవ్వుతున్నప్పుడు మట్టిలోంచి ముదురు గోధుమరంగు కోశం ఒకటి బయటపడనివ్వు. తొలకరికి చేలు మేసిన ఎర్ర గొంగళిపురుగే అది. మళ్లీ తొలకరి దాకా నేలలోనే పడుకుంటుంది. ఆమె దాన్ని కోడికి వేస్తుందా, మట్టి కప్పేస్తుందా? చేను పోయిన మనిషి కదా ఆమె. నీ కథకు కావలసిన మలుపు ఆ గుంట దగ్గర దొరకవచ్చు.

తిరగరాయడానికి తొందరపడకు. పదిహేను రోజులు ఉదయం పూట నీళ్ల తొట్టి దగ్గర కూర్చో. కాటుకపిట్ట ఏ తేదీన వచ్చిందో కథ వెనక రాసి పంపు. మా పెరటికి ఇంకా రాలేదు.

నీ మాస్టారు