ఆటిజం ఉన్న పిల్లలను మన జిల్లాలో ఇంత ఆలస్యంగా ఎందుకు గుర్తిస్తున్నారు? ఏం మారాలి?

తెనాలి దగ్గర ఉంటున్న మీ అక్కగారి బాబుకు మూడున్నరేళ్లు దాటేవరకు ఆటిజం అని ఎవరూ చెప్పలేదని, అంగన్‌వాడీలో క్రమం తప్పకుండా బరువు తూస్తున్నా అది ఎందుకు బయటపడలేదని, మన వైపు ఏం మారితే ఇలాంటి పిల్లలకు మేలు జరుగుతుందని అడిగారు. గుంటూరులో ఆటిజం ఉన్న అబ్బాయిని పెంచుతున్న తల్లిగా నాకు తెలిసినంతలో సమాధానం రాస్తున్నాను.

దీనికి పథకం లేక కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు, ఒకసారి ప్రభుత్వ బడులకు వెళ్లాలి. ఆ బృందాలు చూడవలసిన సమస్యల జాబితాలో ఆటిజం కూడా ఉంది. అయితే గ్రహణం మొర్రి, వంకర పాదం, రక్తహీనత వంటివి డాక్టరు పిల్లవాడిని ఒకసారి చూస్తే తెలిసిపోతాయి. ఆటిజం లక్షణాలు బయటపడేది ఇంట్లో, రోజూ చూసేవాళ్ల దగ్గర. కొత్త మనిషి ఎదుట నాలుగు నిమిషాలు కూర్చోబెడితే ఏ పిల్లవాడైనా మాట్లాడడు, కాబట్టి అది బిడియమో మరొకటో తేల్చడం ఎంత అనుభవం ఉన్నవారికైనా కష్టమే.

మా అబ్బాయినే తీసుకోండి. డాబా మీద చందమామను చూపిస్తే మా ఆడపడుచు కూతురు తల పైకెత్తి ఆకాశంలోకి చూసేది, మావాడు నా చేతి గాజులను చూసేవాడు. నీళ్లు కావలసి వస్తే గ్లాసు వైపు వేలు చూపించేవాడు కాదు. నా మణికట్టు పట్టుకుని వంటగదిలోకి లాక్కెళ్లి నా చేతిని తీసి గ్లాసు మీద పెట్టేవాడు, అంతసేపట్లో ఒక్కసారైనా నా ముఖం వైపు చూసేవాడు కాదు. బరువు, ఎత్తు మాత్రం వయసుకు తగ్గట్టే ఉండటంతో అంగన్‌వాడీ కార్డులో అతని గీత ఎప్పుడూ ఆకుపచ్చరంగులోనే సాగింది. మాటలు రావడం లేదంటే, వాళ్ల తాతగారికీ ఆలస్యంగానే వచ్చాయని చెప్పి పెద్దవాళ్లు వస కొమ్ము అరగదీసి నాలుకకు రాశారు. అందులో ప్రేమే తప్ప మరొకటి లేదు. కానీ పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, వేలుతో చూపించకపోవడం, టాటా చెప్పకపోవడం కూడా మాటల్లాగే లెక్కలోకి తీసుకోవలసిన సంగతులని వాళ్లకు చెప్పినవారు ఎవరూ లేరు.

ఈ సంగతులనే వరుసగా అడిగే ప్రశ్నావళి ఒకటి ఉంది, దాన్ని ఎం-చాట్ అంటారు. అందులోని 20 ప్రశ్నలకు తల్లిదండ్రులు అవును, కాదు అని జవాబు చెబితే చాలు. అది 16 నుంచి 30 నెలల వయసు పిల్లలకు ఉద్దేశించినది. ఆందోళన కలిగించే జవాబులు మూడు నుంచి ఏడు వరకు ఉంటే ఆ ప్రశ్నలనే ఉదాహరణలతో మళ్లీ విడమరిచి అడగాలి, ఎనిమిది గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే నేరుగా నిపుణుల దగ్గరకు పంపాలి. మన టీకాల పట్టికలో డీపీటీ బూస్టరు, తట్టు టీకా రెండో డోసు వేసేది 16 నుంచి 24 నెలల మధ్యలోనే. అంటే, సరిగ్గా ఆ వయసులో తల్లి బిడ్డను ఎత్తుకుని ఏఎన్‌ఎం దగ్గరకు తానే వస్తోంది. టీకా వేశాక బిడ్డను కాసేపు అక్కడే ఉంచుతారు కాబట్టి, ఆ సమయంలో ఈ 20 ప్రశ్నలు తెలుగులో, మన ఇళ్లలో వాడే మాటలతో అడిగితే కొత్త భవనమూ కొత్త ఉద్యోగమూ అవసరం లేదు. మీ రెండో ప్రశ్నకు నా జవాబులో అన్నిటికంటే ముందు నిలిచేది ఇదే.

ఇక్కడ ఒక భయాన్ని కూడా తీర్చాలి. టీకా వల్లే ఆటిజం వస్తుందన్న ప్రచారానికి మూలమైన 1998 నాటి పరిశోధన పత్రాన్ని, అది అచ్చయిన వైద్య పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. లక్షణాలు కనిపించే వయసూ, ఆ టీకా వేసే వయసూ ఒకటే కావడం వల్ల ఆ అనుమానం ఇంకా బతికి ఉంది. అందుకని టీకాల రోజున ప్రశ్నలు అడిగేవారు ఈ విషయాన్నీ ఓపికగా చెప్పగలగాలి.

ప్రశ్నావళి అనుమానాన్ని మాత్రమే చెబుతుంది, నిర్ధారణ తరవాతి మెట్టు. ముందు వినికిడి పరీక్ష చేయించాలి, ఎందుకంటే వినపడని పిల్లలు కూడా పిలిస్తే తిరగరు. ఆటిజాన్ని తేల్చే రక్త పరీక్ష గాని, స్కానింగ్ గాని లేదు. పిల్లవాడిని గమనించి, తల్లిదండ్రులను అడిగి నిపుణులు నిర్ణయిస్తారు. మన దేశంలో ధ్రువీకరణకు వాడే ఐసా అనే కొలమానంలో 40 అంశాలు ఉంటాయి, ఒక్కొక్క అంశానికి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. మా వరకు ఒక డాక్టరు మరో ఏడాది చూద్దామన్నారు, ఇంకొకరు పరీక్షలన్నీ రాసి థెరపీ మాట ఎత్తలేదు. ఆటిజమని ఖాయమయ్యేదాకా స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ ఆపవలసిన అవసరమే లేదు. ఎదుగుదలలో ఆలస్యం కనిపించిన రోజునే మొదలుపెట్టవచ్చు, ఒకవేళ ఆటిజం కాదని తేలినా ఆ సాయం వృథా పోదు. జిల్లా స్థాయిలో ఇందుకు ఉద్దేశించిన డీఈఐసీ (ఎదుగుదల లోపాలకు తొలిదశలోనే సాయం అందించే) కేంద్రాలలో వైద్యుడు, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు ఒకే కప్పు కింద ఉండాలన్నది నియమం. ఆ పోస్టులు ఖాళీగా ఉండకుండా చూడమని అడగడం మనందరి హక్కు.

తల్లిదండ్రులకు నేర్పని థెరపీ సగమే పనిచేస్తుందని నా గట్టి అభిప్రాయం. మూసిన గదిలో 45 నిమిషాల సిట్టింగు ముగించి, తలుపు తీసి బిడ్డను అప్పగించే చోట్లు చూశాను. మాకు నిజంగా ఉపయోగపడింది నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన థెరపిస్టు. లోపల ఉన్నది కనిపించే డబ్బాలో జంతికలు పెట్టి, మూత గట్టిగా బిగించి, అతని ఎదురుగా కూర్చుని, ఏమీ మాట్లాడకుండా ఆగమన్నారు. మొదట్లో ఏడ్చేవాడు, డబ్బాను నా ఒళ్లోకి తోసేవాడు. కొన్నాళ్లకు ఒక రోజు నా కళ్లలోకి చూసి, డబ్బా వైపు చూసి, మళ్లీ నా వైపు చూశాడు. ఆ క్షణంలోనే మూత తీయాలని కూడా ఆవిడే చెప్పారు. ఇలాంటి శిక్షణను మండల కేంద్రంలోనే, పెద్ద బడుల దగ్గర దివ్యాంగ పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలలో తల్లులకు ఇవ్వగలిగితే, కూలి మానుకుని గుంటూరు బస్సెక్కవలసిన కుటుంబాలకు ఎంతో భారం తగ్గుతుంది. మూలకణాల చికిత్స అంటూ లక్షలు అడిగేవారి దగ్గరకు మాత్రం వెళ్లకండి, అది ఆటిజానికి పనిచేస్తుందని రుజువు లేదు.

వైకల్యాన్ని పరీక్షించి ధ్రువీకరణ పత్రం ఇచ్చే సదరం శిబిరాల సంగతీ చెప్పాలి. చప్పుళ్లకు బెదిరిపోయే పిల్లలను గంటల తరబడి కిక్కిరిసిన వరండాలో కూర్చోబెట్టి, చివరకు లోపలికి పిలిచేసరికి వాళ్లు ఏడ్చి సొమ్మసిల్లి ఉంటారు. ఉదయం మొదటి స్లాట్లను ఇలాంటి పిల్లలకు కేటాయించడానికి పైసా ఖర్చు కాదు.

మీ అక్కగారి బాబు విషయానికి వస్తే, ఎం-చాట్ వయసు దాటిపోయింది కాబట్టి దానితో పని లేదు. వినికిడి పరీక్ష కాకపోతే వెంటనే చేయించి, ఆ రిపోర్టుతో డీఈఐసీకి వెళ్లమనండి. మంగళగిరి ఎయిమ్స్‌లో పిల్లల విభాగానికైనా వెళ్లవచ్చు. ఇంట్లో బాబు ఆడుకునేటప్పుడు, పేరు పెట్టి పిలిచినప్పుడు, అన్నం తినేటప్పుడు చిన్న చిన్న వీడియోలు తీసి తీసుకెళితే ఆసుపత్రిలో కనిపించనివి డాక్టరుకు కనిపిస్తాయి. సచివాలయంలోనో మీసేవలోనో సదరం స్లాటు ఇప్పుడే బుక్ చేసుకోవాలి, ఎందుకంటే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించినా, దాని కింద వచ్చే చాలా ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉందన్న ధ్రువీకరణ పత్రం అడుగుతారు. లక్ష రూపాయల వరకు వర్తించే నిరామయ ఆరోగ్య బీమాకూ ఆ పత్రం కావాలి. ఆరేళ్లు నిండాక దగ్గరలోని బడిలో ఉచితంగా చదువుకునే హక్కు బాబుకు చట్టప్రకారం ఉంది. ఏ బడివారైనా చేర్చుకోబోమని అంటే ఆ కారణాన్ని కాగితం మీద రాసి ఇమ్మని అడగమనండి.