లేవలేని గేదె: సూది వేయించడం పాపమా, వదిలేయడం పాపమా?

సందేహం: డాక్టరుగారికి నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా గ్రేడెడ్ ముర్రా గేదె మూడో ఈత ఈని రెండు నెలలైంది. తొమ్మిది రోజుల కిందట కాలవ రేవు ఎక్కుతూ జారి, వెనక కాళ్లు చీలిపోయి పడింది. మళ్లీ లేవలేదు. మా పశువుల డాక్టరుగారు కాల్షియం, నొప్పి సూదులు వేశారు. తుంటి ఎముక విరిగింది, ఇక లేవదు, నిద్రపుచ్చేద్దామంటున్నారు. రెండు రోజులుగా గడ్డి ముట్టడం లేదు, కిందనున్న వైపు పుండ్లు పడి పురుగులు చేరాయి. సూది పాపమని మా అత్తగారు అంటున్నారు. కొబ్బరి తోటలో వదిలేస్తే అదే పోతుందని పక్కవాళ్లు, కబేళాకు ఇస్తే ఎంతో కొంత వస్తుందని ఇంకొకరు. సూది వేయిస్తే కేసవుతుందా? దానికి నొప్పి తెలుస్తుందా? పక్షవాతంతో మూడేళ్లుగా మంచంలో ఉన్న మా మామగారు ఇదంతా విని, ‘దానికున్న అదృష్టం నాకు లేదు, నాకూ వేయించండి’ అన్నారు. ఆయనకేం చెప్పమంటారు? – ఒక మహిళా రైతు, కోనసీమ

సమాధానం: అమ్మా, గేదె పడిపోయిందని రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. వాటిలో ఎక్కువ భాగం లేచేవే. ఈనిన రెండు మూడు రోజుల్లో పాలజ్వరంతో (ఒంట్లో కాల్షియం పడిపోయే జబ్బు) పడ్డ గేదె, కాల్షియం నరంలోకి ఎక్కితే గంటల్లోనే చెవులు నిక్కించి లేచి నిలబడుతుంది. మీది ఆ కోవలోది కాదు. ఈని రెండు నెలలైంది, కాళ్లు చీలి పడింది, కాల్షియానికి కదల్లేదు.

అయినా చివరి నిర్ణయానికి ముందు ఇంకొక్కసారి చూడమని మీ డాక్టరుగారిని అడగండి, ఆయన ఏమీ అనుకోరు. ఆసన మార్గంలో చెయ్యి పెట్టి, బయట ఒకరు కాలు కదుపుతుంటే, విరిగిన ఎముక ముక్కలు ఒకదానికొకటి ఒరుసుకోవడం వేళ్లకు తెలుస్తుంది. గిట్టల నడుమ గట్టిగా నొక్కితే కాలు లాక్కుంటుందో లేదో చూడాలి. ఎముక బాగానే ఉండి కండో నరమో దెబ్బతిన్నదైతే నేనింత తొందరగా ఒప్పుకోను. భీమవరం వైపు ఒక గేదె పదకొండో రోజున లేచింది. ఆ ఇంటాయన చేసిందల్లా మూరెడు మందాన ఇసుక పరిచి, రాత్రింబవళ్లు మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చడం, రోజూ కాసేపు చెరువులో పొట్ట మునిగేదాకా నిలబెట్టడం. అంత బరువున్న ఒళ్లు ఒకే పక్కన ఆరు, పన్నెండు గంటలు ఉంటే చాలు, కింద నలిగిన కండ చచ్చుబడిపోతుంది. చాలా గేదెలను మొదటి జబ్బు కంటే ఇదే తినేస్తుంది.

మీ దానికి తుంటి విరిగింది, మేత మానేసింది, పురుగు పట్టింది. బరువైన పశువుకు విరిగిన తుంటిని అతికించే సాధనం మన దగ్గర లేదు. పరీక్షలో అదే ఖాయమైతే మీ డాక్టరుగారి మాటే నా మాట.

తోటలో వదిలేద్దామనే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. మీ అత్తగారి భయం నాకర్థమవుతుంది, మన చేత్తో చంపలేదన్న తృప్తి ఒకటి ఉంటుంది. కానీ కొబ్బరి చెట్ల కింద ఆ గేదె ఇంకో నాలుగు రోజులో ఆరు రోజులో బతుకుతుంది. బతికుండగానే కాకులు పుండ్లు పొడుస్తాయి, రాత్రి కుక్కలు చేరతాయి. ఆకలి దప్పులతో అల్లాడేలా పశువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షను కింద నేరం కూడా. కబేళా సంగతి అంతే. నిలబడలేని గేదెను తాళ్లేసి వ్యానులోకి ఈడవడమూ అదే సెక్షనులోకి వస్తుంది. పైగా తొమ్మిది రోజులుగా మందులెక్కిన ఒళ్లు అది, ఆ మాంసం ఎవరి కంచంలోకీ పోకూడదు.

ఇక కేసు మాట. కోలుకోలేని స్థితిలో ఉందని పశువైద్యుడు రాసిచ్చి, యజమాని సంతకం తీసుకుని, బాధ లేకుండా చేస్తే కేసు ఉండదు. ‘బతికుంచడమే క్రూరం’ అయిన పశువు అంతం గురించి ఆ చట్టంలోనే 13వ సెక్షను ఉంది. చట్టం పట్టుకునేది క్రూరంగా చంపడాన్ని. గేదె చెవికి బీమా పోగు ఉంటే కంపెనీకి ముందే కబురు పెట్టండి. ఫొటోలు, డాక్టరుగారి ధ్రువపత్రం దగ్గరుంచుకుని, పోగును ఊడదీయకుండా వాళ్లు చెప్పేదాకా ఆగండి.

నొప్పి తెలుస్తుందా అన్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్లో నేను చూసింది చెప్పాలి. మత్తుమందు నిల్వ లేదు. రైతు తొందర పెడుతున్నాడు. పెద్దాయన ఒకరు మెగ్నీషియం ఉప్పు ద్రావణాన్ని నేరుగా నరంలోకి ఎక్కించేశారు. నేను తల పట్టుకున్నాను. కండరాలన్నీ బిగుసుకోవడం మానేసి ఒళ్లు సడలిపోయింది, ఊపిరి ఆగింది, కానీ స్పృహ పోలేదు. కన్ను నన్నే చూస్తోంది. చూసేవాళ్లకు అది ప్రశాంతంగా పోయినట్టే ఉంది, రైతు నాకు దణ్ణం కూడా పెట్టాడు. ఆ రోజు ఆపాల్సింది నేను, ఆపలేదు.

అందుకే మీరు అడగవలసిన మాట ఒకటే: ‘ముందు పూర్తిగా మత్తిస్తారా?’ పద్ధతి ఇదీ. మొదట జైలజీన్ లాంటి మందు. పశువు తల వాల్చి జోగుతుంది. తర్వాత మెడ నరంలోకి థయోపెంటోన్ లాంటి గాఢమైన మత్తు. కంటి నల్లగుడ్డును వేలితో తాకినా రెప్ప కదలకూడదు. అది చూశాకే గుండెను ఆపే మందు. పెంటోబార్బిటాల్ దొరికితే అదొక్కటే రెండు పనులూ చేస్తుంది, కానీ పల్లె ఆసుపత్రుల్లో అది అరుదు. మత్తు లేదంటే ఒక రోజు ఆగి తెప్పించండి, ఆలోగా నొప్పి సూది ఆపవద్దు. పురుగుమందు పోయడం, తాడు బిగించడం లాంటి సలహాలు ఎవరిచ్చినా చెవిన పెట్టకండి.

స్పృహ పోయాక కూడా ఒకటి రెండుసార్లు పెద్దగా ఊపిరి లాగినట్టు, కాళ్లు వణికినట్టు కనబడుతుంది. కళ్లు తెరిచే ఉంటాయి. అది బాధ కాదు. పిల్లలుంటే ముందే పంపేయండి. గుండె ఆగిందని స్టెతస్కోపుతో కొన్ని నిమిషాలు విని తేల్చాకే డాక్టరుగారు లేవాలి.

గొయ్యి ముందురోజే తవ్వించండి. మన డెల్టాలో ఇదే పెద్ద తంటా, నాలుగడుగులు తవ్వేసరికి ఊట. మెరక చూసుకుని, చెరువుకీ బోరుకీ బోదెకీ దూరంగా, నీళ్లు పడనంత లోతు తీయించి, కళేబరం మీద సున్నం చల్లి, పైన కనీసం మూడడుగుల మట్టి కప్పాలి. తోలు తీయనివ్వొద్దు, గట్టు మీద పారేయనివ్వొద్దు. ఆ మత్తుమందు కుళ్లిన మాంసంలోనూ ఉంటుంది, తిన్న కుక్క, గద్ద పడిపోతాయి. పశువుల నొప్పి మందు డైక్లోఫెనాక్ ఎక్కిన కళేబరాలు తిని దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాకే, 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. ఆ నష్టం ఇప్పటికీ పూడలేదు.

పాపం సంగతి నా శాస్త్రం చెప్పేది కాదు. అయితే అత్తగారికి ఒకటి చెప్పండి. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ ఇలాగే నయం కాని బాధతో పడి ఉంటే, అహింసే ప్రాణంగా బతికిన గాంధీగారు డాక్టరును పిలిపించి దానికి సూది వేయించారు. తిడుతూ ఉత్తరాలు కుప్పలుగా వచ్చినా, చేసింది అహింసేనని పత్రికలో రాశారు. అందరూ ఒప్పుకోలేదు, అత్తగారూ ఒప్పుకోనక్కర్లేదు.

మామగారి విషయం పశువైద్యుడిగా కాదు, ఇంట్లో పెద్దవాళ్లున్న మనిషిగా రాస్తున్నాను. గేదె తన మాట చెప్పలేదు కాబట్టి దాని తరఫున మనం ఊహిస్తాం. మామగారు చెప్పగలరు, ఇవాళ చెప్పింది రేపు మార్చుకోగలరు కూడా. ఆయన పక్కన కూర్చుని, ఏది భరించలేకపోతున్నారో అడగండి. నొప్పా, ఒంటరితనమా, మీకు భారమైపోయానన్న దిగులా? చాలాసార్లు చివరిదే ఉంటుంది. వీపు చూడండి. గేదెకు పుండు పట్టినట్టే మంచం పట్టిన మనిషికీ పడుతుంది. (ఈ పోలికకు ఆయన నన్ను క్షమించాలి.) రెండు గంటలకోసారి పక్క మార్చడం, గాలి పరుపు వేయడం, నొప్పికి సరైన మందు రాయించడం ఇప్పుడే చేయగలిగినవి. చావు మాట మళ్లీ మళ్లీ వస్తే 14416కు ఫోన్ చేసి మాట్లాడించండి, మనసు బాధలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఉచిత సేవ అది.

చట్టంలో మనిషికి సూది లేదు, ఎవరు వేసినా నేరమే. ఉన్నది వేరు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు, కోలుకోలేని దశలో వెంటిలేటరు లాంటివి వద్దని ముందే రాసిపెట్టుకోవచ్చంది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరిస్తే చాలని 2023లో తేలిక చేసింది. ఆయన మనసు కుదుటపడ్డాక, అడిగితేనే ఈ సంగతి చెప్పండి.

ఇక దూడ. డాక్టరుగారు వచ్చే పూట దాన్ని పాకలోంచి తీసి వేరేచోట కట్టేయండి. రెండు నెలల దూడకు ఇంకా పాలు కావాలి. ఇంకో పాడి గేదె ఉంటే దాని పాలు, లేకపోతే కొనుక్కొచ్చినవి, గోరువెచ్చగా రోజుకు రెండు పూటలా పట్టండి. మొదటి రెండు రోజులు అరుస్తుంది, సీసా తోసేస్తుంది. వేలికి పాలు రాసి చీకిస్తూ అలవాటు చేయండి.