బుడగలు తగ్గితే వాల్వు తిప్పకు

అమ్మలూ,

నికెల్ మీద కార్బన్ నానోఫైబర్లు, అదే వెంట్రుక కన్నా ఎంతో సన్నని కార్బన్ పోగులు, పెంచే పని నీకిచ్చారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో ఒక ఆడపిల్ల ఫర్నేస్ ముందు నిలబడుతోందని కళ్ళు చెమర్చాయి. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

నికెల్ ఉత్ప్రేరకం కోసం నికెల్ నైట్రేట్ నానబెట్టడం, ఆరబెట్టడం, కాల్చడం నీకు తెలిసినవే. హైడ్రోజన్ వదిలేముందు ఫర్నేస్ ట్యూబ్‌లో గాలినంతా మండని ఆర్గాన్‌తో తోసెయ్. కార్బన్ అందించే ఎసిటిలీన్ గ్యాస్ లైనుకు రాగి గొట్టం వద్దు, రాగి ఎసిటిలైడ్ చిన్న తాకిడికే పేలుతుంది.

అసలు సంగతి బుడగలది.

నికెల్ రేణువు ఎసిటిలీన్‌ను విడగొట్టి, కార్బన్‌ను తనలో కరిగించుకుని, ఇంకోవైపు నుంచి పోగులా వదులుతుంది. రేణువు ఎంత లావుంటే పోగు దాదాపు అంత లావు. అది చూసి మురిసిపోయాను గానీ, ఆ పోగులకు ఎంత చోటు కావాలో ఆలోచించలేదు. ఆశకు పోయి, ట్యూబ్‌లో పెట్టే బోట్ అనే చిన్న పళ్ళెం నిండా ఉత్ప్రేరకం పోశాను. 600 డిగ్రీల దగ్గర ఎసిటిలీన్ వదిలాను. గ్యాస్ బయటికి పోయే చివరనున్న నీళ్ళ సీసాలో బుడగలు చకచకా వస్తున్నాయి కదా అని జూనియర్ కుర్రాడికి అప్పగించి టీకి వెళ్ళాను.

లోపల నల్లదూది లాంటిది బోట్ దాటి పొంగి ట్యూబ్‌ను మూసేసింది. బుడగలు తగ్గుతుంటే, గ్యాస్ అందట్లేదేమోనని ఆ పిల్లాడు వాల్వు ఇంకాస్త తిప్పాడు. తగ్గితే ఏం చెయ్యాలో నేను చెప్పి వెళ్ళలేదు మరి. చివరి మూత ఎగిరిపోయి మంట భగ్గుమంది. వాడి కనుబొమలు కాలాయి, కళ్ళు దక్కాయి. నన్ను ఒక్క మాట అనలేదు. ముప్పై ఏళ్ళయినా అదే గుచ్చుతుంది నాకు.

బోట్ అడుగున చిటికెడే పలచగా పరచు. గ్యాస్ లోపలికెళ్ళే వైపు ప్రెషర్ గేజ్, ఒత్తిడి పెరిగితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు పెట్టించు, ఆ వాల్వు గ్యాస్‌ను హుడ్‌లోకి, అదే పొగలు బయటికి లాగే గూటిలోకి, వదలాలి. బుడగలు తగ్గితే ముందు ఎసిటిలీన్ ఆపు. తర్వాతే కారణం వెతుకు. చల్లారేదాకా ఆర్గాన్ పారుతూనే ఉండాలి, లేకపోతే సీసాలో నీళ్ళు వేడి ట్యూబ్‌లోకి లాక్కుపోతాయి. పూర్తిగా చల్లారకుండా తెరిచావో, నాకు కోపం వస్తుంది! ఆ నికెల్ గాలి తగిలితే అంటుకోగలదు. పొడి తీసేటప్పుడు మాస్క్ పెట్టుకో.

ఇంకొకటి. పొద్దున టిఫిన్ మానేసి ల్యాబ్‌కి పరుగెత్తుతావని విన్నాను. ఖాళీ కడుపుతో చేతులు వణుకుతాయి. రెండు ఇడ్లీలైనా తిని వెళ్ళు తల్లీ.

మొదటి రన్ ఏ రోజో ముందే చెప్పు. ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంటాను. ఎసిటిలీన్ వదిలేముందు ఒకటి, ఆపేశాక ఒకటి, రెండు మిస్డ్ కాల్స్ ఇవ్వు చాలు.

మీ మామయ్య